గదిలో ఆల్బమ్ – 4వ పాఠం: గొంతు మీద గొంతు

పోయిన పాఠంలో గిటార్ రికార్డు చేసి పక్కన పెట్టాం. ఇవాళ గొంతు సంగతి చూద్దాం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వెనక గదిలో మేనకోడలి పాటలు ఒక్కొక్కటే రికార్డు చేస్తూ రాస్తున్న పాఠాలివి. మాకు ఎదురైన చిక్కులే మీకూ ఎదురవుతాయని నా నమ్మకం.

మొదటి చిక్కు, గొంతెత్తి పాడటం. మన వైపు పాట నేర్చుకునేది భజనల్లో, దసరా పందిళ్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. అక్కడ చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా వినపడాలి. మా పిల్ల మైకు ముందు నిలబడగానే అలాగే అందుకుంది. గిటార్ మెత్తగా నడుస్తుంటే గొంతు దాని మీద విరుచుకుపడింది. కానీ ఆల్బమ్ వినే మనిషి చివరి వరసలో లేడు. గుణుపూర్ ప్యాసింజర్‌లో కిటికీ పక్కన ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. మీ నోటికీ ఆ చెవికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

ఈ సంగతి నాకు అర్థమైంది ఎలియట్ స్మిత్ పాటలు విన్నాక. అమెరికాలో పోర్ట్‌లాండ్ వాడు. హీట్‌మైజర్ అనే బ్యాండులో హోరెత్తే గిటార్ల మధ్య పాడేవాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా గ్రంజ్ అనే రాక్ సంగీతపు హోరే. అలాంటి సమయంలో ఒక ఇంటి నేలమాళిగలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద, దాదాపు గుసగుసలా కొన్ని పాటలు పాడుకున్నాడు. అవే 1994లో 'రోమన్ క్యాండిల్' పేరుతో ఒక చిన్న స్థానిక కంపెనీ ద్వారా బయటికొచ్చాయి. మొత్తం తొమ్మిది, అరగంట నిడివి. వాటిలో నాలుగింటికి పేర్లే లేవు, 'పేరు లేనిది' అంటూ ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఉన్నాయి. వచ్చిన వెంటనే ఊరూవాడా మోగిపోలేదు. అదే ఊళ్లో ఉండే దర్శకుడు గస్ వాన్ సాంట్ అతని పాటల్ని తన సినిమాలో వాడుకున్నాక, 1998 మార్చిలో ఆస్కార్ వేదిక మీద తెల్ల సూటు వేసుకుని అతను పాడాడు. బహుమతి టైటానిక్ పాటకు వెళ్లింది. అప్పుడు వెనక్కి వెళ్లి ఆ మొదటి ఆల్బమ్ వెతుక్కుని విన్నవాళ్లు ఎందరో. అంత పెద్ద వేదిక మీద కూడా అతను గొంతు పెంచలేదు. నాకు అతని మీద ఉన్న గౌరవంలో సగం దానికే.

నాలుగు ట్రాకులంటే ఏమిటో క్యాసెట్లు వాడినవాళ్లకు తెలుస్తుంది. ట్రాకు అంటే టేపు మీద ఒక్కో శబ్దాన్ని విడిగా రికార్డు చేసే గీత. మామూలు క్యాసెట్‌లో ఎ సైడు రెండు, బి సైడు రెండు ట్రాకులు. ఆ యంత్రం నాలుగింటినీ ఒకే దిక్కున వాడేస్తుంది, ఇక తిప్పి వేసుకోవడానికి రెండో సైడు ఉండదు. అలాంటి పిసినారి లెక్కలో కూడా గొంతుకు రెండు ట్రాకులు కేటాయించడం అతని అలవాటు. ఒకే పాటను, ఒకే మనిషి, రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పేర్చడం. దీన్నే డబుల్ ట్రాకింగ్ అంటారు. చిన్న గొంతుకు అరవకుండానే ఒళ్లు వస్తుంది. మన పాఠం ఇదే.

ముందు మైకు. గుసగుస గొంతుకు మైకు జానెడు దూరంలో ఉండాలి, ఇంకా మెత్తగా పాడితే నాలుగు వేళ్ల దూరం. దగ్గరికి వెళ్లే కొద్దీ మైకు కింది స్వరాల్ని లావు చేస్తుంది, అది కొంతవరకు మనకు మంచిదే. ఇప్పుడు అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'పప్పు', 'భయం' అనండి. చేతికి తగిలిన గాలే మైకుకు తగిలి ధబ్బుమంటుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టండి. జాకెట్లకు కుట్లు వేసే ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ చున్నీ ముక్క బిగించి అడ్డం పెడితే ఇంకా నయం. మేం వాడుతున్నది అదే. ఫ్యాను కట్టేసి, వెనక బొంత వేలాడదీసి, రాత్రి పది దాటాక పాడించాను. రికార్డింగ్ మీటరులో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) దగ్గర ఆడితే చాలు.

చాలామంది ఇక్కడ ఒక అడ్డదారి తొక్కుతారు. పాడిన టేక్‌నే, అంటే ఒకసారి పాడి రికార్డు చేసినదాన్నే, కాపీ చేసి కింద పెట్టేస్తారు. అలా చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే, చిక్కబడదు. కాపీని కొద్దిగా పక్కకు జరిపితే డబ్బాలోంచి పాడినట్టుంటుంది. రెండోసారి నిజంగా పాడాల్సిందే. మనిషి ఒకే మాటను రెండుసార్లు ఒకేలా పలకలేడు, ఆ వెంట్రుకవాసి తేడాలోనే అందమంతా ఉంది. తేడా 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే చెవి దాన్ని ఒకే లావు గొంతుగా తీసుకుంటుంది. దాటితే ఇద్దరు మనుషులు తడబడుతున్నట్టు వినిపిస్తుంది.

తెలుగులో పాడేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లుతో టక్కున ఆగిపోతాయి. మన మాటలు అచ్చుతో సాగుతాయి. మా పిల్ల రాసిన చరణం ఇది: 'చెట్టు కింద నువ్వు, గట్టు మీద నేను'. మొదటి టేక్‌లో 'నేను' రెండు తాళం దెబ్బలు సాగింది, రెండో దాంట్లో మూడు. ఆ చివరి 'ఉ' ఒంటరిగా వేలాడి చరణమంతా చెదిరింది. కాగితం మీద ప్రతి పాదం చివర, అచ్చు ఎన్నో దెబ్బకు ఆగాలో అంకె వేసుకున్నాం. 'ట్ట', 'వ్వ' లాంటి ఒత్తులు మాత్రం మేకుల్లాంటివి. అవి రెండు టేకుల్లో ఒకేచోట పడితే మధ్యలో కాస్త అటూ ఇటూ అయినా చెవి క్షమిస్తుంది. ఇక్కడ మన పిల్లలు బడిలో ఒడియా చదివి, తెలుగు పాటను ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో పొట్టి ఎ, ఒ లకు వేరే అక్షరాలు లేవు. అందుకని పొడవు లాగాల్సిన చోట గీత గీసుకోమన్నాను.

ఇంకో మాట. మొదట ఆ చరణంలో 'నీవు' అని రాసుకుంది. గుసగుసలో 'నీవు' ఎవరో పద్యం చదువుతున్నట్టుంది. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు పాఠం చెప్పిన ఊరు మాది. 'ఇంట్లో ఎలా పిలుస్తావే?' అని అడిగాను. 'నువ్వు' అయింది, గొంతు కూడా దానంతటదే దిగింది.

రెండో టేక్ పాడేటప్పుడు ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకోండి, మొదటి టేక్ అందులో చిన్నగా వినిపించాలి. రెండో టేక్‌లో 'స', 'శ' మీద ఒత్తిడి తగ్గించండి, లేకపోతే ఈలలు రెండింతలవుతాయి. చివరికి రెండో గొంతును మొదటిదానికన్నా 4 డెసిబెల్స్ దించి ఉంచండి.

ఈ వారం పని: ఒక్క చరణం తీసుకుని నాలుగు టేకులు పాడండి. జంటలు మార్చి మార్చి విని, బాగా కుదిరిన రెండింటినే ఉంచండి. తర్వాత కళ్లు మూసుకుని రెండోదాన్ని మ్యూట్ చేయండి. గదిలోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు అనిపిస్తే పని అయినట్టే. ఐదో పాఠంలో వీటిని గిటార్‌తో కలుపుతాం. అప్పటిదాకా రివర్బ్ (గొంతుకు ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) జోలికి వెళ్లకండి.