టేస్టింగ్ మెనూకి వెళ్తున్నారా?
సింగపూర్‌లో పేరున్న రెస్టారెంట్లో టేస్టింగ్ మెనూ (చెఫ్ ఎంచిన వంటకాలు కొంచెం కొంచెంగా వరసగా వడ్డించే భోజనం) బుక్ చేసేముందు ధర పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయేమో చూసుకోండి. 10 శాతం సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ అదనమని అర్థం. 300 డాలర్ల భోజనం దాదాపు 360 అవుతుంది.

మా పెళ్లిరోజుకి అలాగే బుక్కయ్యాం. తొమ్మిది వంటకాలు, మూడు గంటలు. చేపముక్క చల్లారిపోయి వచ్చింది. ఇంకో ప్లేటులో నురగ కింద ఉన్నదేంటో ఇప్పటికీ తెలీదు. మొహమాటపడి నోరు మెదపలేదు, అదే పొరపాటు. నచ్చకపోతే ఒకట్రెండు ముద్దలకే పిలిచి చెప్పండి, మంచి చోట మార్చి తెస్తారు. బిల్లు కట్టాక చెబితే సారీ తప్ప ఏం రాదు.

శాకాహారులుంటే బుకింగ్‌లోనే రాయించండి. మేమైతే రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి పెరుగన్నంలో మాగాయ నంజుకున్నాం.