డిలీట్ చేసినా యాక్సెస్ ఫైలు సైజు తగ్గడం లేదా?

సమస్య: మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో మూడేళ్ల నాటి బిల్లులన్నీ డిలీట్ చేశారు. ఫైలు మూసి ప్రాపర్టీస్‌లో చూస్తే ఒక్క కేబీ కూడా తగ్గలేదు.

కారణం: డిలీట్ కొట్టగానే ఆ రికార్డు ఇక లేదని యాక్సెస్ గుర్తు పెట్టుకుంటుంది, అంతే. అది ఉన్న చోటు మాత్రం ఫైలు లోపలే ఉండిపోతుంది. చిట్టాలో పద్దు కొట్టేసినంత మాత్రాన పుస్తకం పలచబడదు కదా! ఆ ఖాళీలో కొంత తర్వాత ఎక్కించే రికార్డులకు పనికిరావచ్చు కానీ, ఫైలు తనంతట తాను చిన్నదవదు. డీబేస్, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాములు వాడినవాళ్లకు ఇది పాత సంగతే. అక్కడ డిలీట్ అంటే రికార్డు ముందు నక్షత్రం గుర్తు పడేది, రీకాల్ అంటే తిరిగి వచ్చేది, ప్యాక్ కొడితేనే నిజంగా పోయేది. యాక్సెస్‌లో ప్యాక్ లాంటిది ఉంది, రీకాల్ మాత్రం లేదు.

పరిష్కారం: ఆ ప్యాక్ లాంటిదే కాంపాక్ట్ అండ్ రిపేర్. డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లో ఉంటుంది. అయితే అది నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: డిలీట్ చేసినవాటిలో పొరపాటున పోయినవి ఏమైనా ఉన్నాయా? ఏ కాస్త అనుమానం ఉన్నా కాంపాక్ట్ జోలికి వెళ్లకండి. ఫైలు వాడటం ఆపి, ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ముందు పాత బ్యాకప్‌లో వెతకండి. అక్కడ లేకపోతే, రికవరీ తెలిసినవాళ్లు ఫైలు లోపలి ఖాళీల నుంచి కొన్ని రికార్డులైనా లాగే అవకాశం ఉంటుంది. కాంపాక్ట్ చేస్తే ఆ అవకాశం కూడా పోతుంది. ఎందుకంటే అది బతికున్న రికార్డులను మాత్రమే కొత్త ఫైల్లోకి రాసి, పాత ఫైలు స్థానంలో దాన్ని పెడుతుంది.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఒక రైస్ మిల్లు ఆఫీసులో సీజన్ కాటా రికార్డులు పొరపాటున డిలీట్ అయ్యాయి. ఫైలు నెమ్మదిగా ఉందని ఆ సాయంత్రమే కాంపాక్ట్ కూడా చేసేశారు. నేను వెళ్లేసరికి పెన్‌డ్రైవ్‌లో నెలన్నర కిందటి కాపీ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతి తూకాలన్నీ, పురికొసతో కట్టిన కాటా చీటీల కట్టలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం. కొన్ని చీటీల మీద అంకెలు చెమటకు అలికిపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచి కాపీ తీయకుండా ఎవరి ఫైలూ కాంపాక్ట్ చేయలేదు.

అనుమానాలేమీ లేకపోతే ముందు అందరినీ ఫైలు మూసేయమనండి. పక్కనే అదే పేరుతో, ఎల్‌ఏసీసీడీబీ అనే ఎక్స్‌టెన్షన్‌తో చిన్న ఫైలు కనిపిస్తే ఇంకా ఎవరో తెరిచి ఉంచారని అర్థం. సిస్టమ్ మధ్యలో ఆగిపోయినప్పుడు కూడా అది మిగిలిపోతుంది. ఫైలు నెట్‌వర్క్‌లో ఉంటే మీ సిస్టమ్‌లోకి కాపీ చేసుకుని, ఇక్కడ కాంపాక్ట్ చేసి, తిరిగి అక్కడ పెట్టండి. ఈలోగా అక్కడి ఫైల్లో ఎవరూ ఎంట్రీ వేయకూడదు. కొత్త ఫైలు కూడా పట్టేంత ఖాళీ డిస్కులో ఉండాలి. పని అయ్యాక ముఖ్యమైన టేబుళ్లలో రికార్డుల సంఖ్య ముందున్నంతే ఉందో లేదో సరిచూసుకోండి.

సమస్య: ఎంట్రీ వేస్తుంటే ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని వస్తోంది.

వెంటనే ఫైలు సైజు చూడండి. యాక్సెస్ ఫైలుకు 2 జీబీ హద్దు ఉంది. దాని దగ్గరికి వచ్చాక ఈ మెసేజ్ వస్తే కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చోవద్దు. కాపీ తీసి కాంపాక్ట్ చేయండి. అదీ కుదరకపోతే ఖాళీ డేటాబేస్ తెరిచి, టేబుళ్లను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేసుకోండి.

సమస్య: కాంపాక్ట్ చేసిన వారానికే మళ్లీ ఉబ్బిపోతోంది.

చాలాసార్లు ఇది తాత్కాలిక టేబుళ్ల వల్లే. రోజూ ఎక్సెల్ నుంచి ఇంపోర్ట్ చేయడం, లెక్క తేలాక డిలీట్ చేయడం. డిలీట్ వల్ల మిగిలిన ఖాళీ చోటు ప్రతిసారీ ఫైల్లో పేరుకుపోతుంది. అలాంటి టేబుళ్లను వేరే చిన్న ఫైల్లో పెట్టి లింక్ చేయండి. పని అయ్యాక ఆ ఫైలునే పారేయొచ్చు. ఫొటోలు, స్కాన్ కాగితాలు టేబుల్లో దాచడం రెండో కారణం. వాటిని ఫోల్డర్‌లో ఉంచి, టేబుల్లో పాత్ (అంటే ఆ ఫైలు ఎక్కడుందో తెలిపే చిరునామా) మాత్రం రాయండి.

సమస్య: కొన్ని వరుసల్లో ‘#డిలీటెడ్’ అని కనిపిస్తోంది.

మీరు ఫారం తెరిచి ఉండగా ఇంకొకరు ఆ రికార్డు తీసేశారు. మూసి తెరిస్తే పోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే వేరే డేటాబేస్ నుంచి లింక్ చేసిన టేబుల్లో అన్ని వరుసలూ అలా కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. సాధారణంగా రికార్డులు ఎక్కడికీ పోవు, యాక్సెస్ ఆ టేబుల్ ప్రైమరీ కీని, అంటే ఒక్కో రికార్డును విడిగా గుర్తుపట్టే ఫీల్డును, సరిగా పట్టుకోలేకపోతుంది. ముందు ఆ కీ ఏ రకమో చూడండి.

‘కాంపాక్ట్ ఆన్ క్లోజ్’ అనే ఆప్షన్ గురించి చాలామంది అడుగుతారు. నలుగురు వాడే ఫైలుకు నేను అది పెట్టను. ఆఖరున ఉన్నవాళ్లు మూసిన ప్రతిసారీ కాపీ లేకుండానే కాంపాక్ట్ దానంతట అదే నడుస్తుంది. ఆ క్షణంలో కరెంటో నెట్‌వర్కో పోతే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. నెలకోసారి, ఆఫీసు కట్టేశాక, కాపీ తీసి చేతితో చేసుకోవడమే మేలు.