ఊరూరూ తిరిగే గుర్రాల మాస్టర్ కావాలంటే ఏం చేయాలి?

"అన్నా, మొండి గుర్రం ఎన్ని రోజుల్లో దారికొస్తది?" ఈ పని నేర్చుకుంటామని ఫోన్ చేసే కుర్రాళ్ళలో చాలామంది మొదట అడిగేది ఇదే. "దాని యజమాని ఎన్ని రోజుల్లో దారికొస్తడు?" అని నేను ఎదురు అడుగుతాను. జోక్ అనుకుని నవ్వుతారు. కానీ మన బతుకుదెరువు మొత్తం ఆ ప్రశ్న చుట్టే తిరుగుతుంది. గుర్రం దగ్గర నేనుండేది ఒక పూటో, ఒక రోజో. సాయంత్రానికి బండెక్కి ఇంకో ఊరికి పోతాను. ఆ తర్వాత దాణా పెట్టేది, పగ్గాలు పట్టేది, బరాత్‌కు తోలుకుపోయేది వేరే మనిషి. ఆ మనిషికి పని రాకపోతే నేను వచ్చి వెళ్ళినా ఒకటే, రాకపోయినా ఒకటే.

మాది మహబూబ్‌నగర్. ఒకవైపు జడ్చర్ల, షాద్‌నగర్ ఫాంహౌస్‌లు, ఇంకోవైపు వనపర్తి, గద్వాల. 167 నంబర్ హైవే ఎక్కితే కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా మిర్యాలగూడ దాకా పోవచ్చు. అక్కడక్కడా పెండ్లి గుర్రాలు పెట్టుకున్న కుటుంబాలు, రాజస్థాన్‌లోని పుష్కర్ సంతకో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతకో పోయి సరదాపడి మార్వాడీ జాతి గుర్రం కొనుక్కొచ్చిన ఆసాములు. వీళ్ళే మన గిరాకీ. గుర్రాలు ఈ గడ్డకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు తెచ్చిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం మొదట వనపర్తి సంస్థానానిదే.

నేను వాడే పద్ధతి పేరు నేచురల్ హార్స్‌మన్‌షిప్. అమెరికా పశ్చిమ రాష్ట్రాల పశువుల కాపరుల దగ్గర పుట్టిన విద్య. టామ్ డోరెన్స్, రే హంట్ లాంటి వాళ్ళు దీనికి దారి వేశారు. 1980ల నుంచి పాట్ పరెల్లీ లాంటి వాళ్ళు ఊళ్ళు తిరిగి ప్రచారం చేశారు. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది: గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. భయపడితే పారిపోతుంది, పారిపోయే దారి లేకపోతే తన్నుతుంది. దాన్ని కొట్టి లొంగదీయకుండా, దాని భయాన్ని అర్థం చేసుకుని పని చేయించుకోవడమే ఈ విద్య.

ముందు మీ చేయి నేర్చుకోవాలి

కనీసం ఒక ఏడాది ఒకే చోట ఉండి, నాలుగైదు రకాల గుర్రాలతో రోజూ పని చేయండి. పేడ ఎత్తండి, డెక్కలు శుభ్రం చేయండి, నాడాలు కొట్టే ఆయన పక్కన కూర్చోండి. వీడియోలు చూసి నాలుగో నెలలోనే మాస్టర్ అని కార్డు కొట్టించుకున్న వాళ్ళను చూశాను. వాళ్ళ గురించి ఇక్కడ వద్దులే.

చేతికి స్పర్శ తెలియడానికి గుర్రం కూడా అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక తాడు చాలు. ఒకరు కళ్ళు మూసుకుని తాడు కొస పట్టుకుని గుర్రం అవ్వాలి. రెండో మనిషి నోరు విప్పకుండా తాడుతోనే కుడికి, ఎడమకు, వెనక్కి నడిపించాలి. నేను యజమానులతో కూడా ఇదే చేయిస్తాను. మిర్యాలగూడ వైపు నలభై ఏళ్ళుగా బరాత్ గుర్రాలు నడిపిన ఒక చాచా ఉన్నారు. మొదట "నేను గుర్రాన్ని కావాల్నా బేటా?" అని మీసంలో నవ్వుకున్నారు. తాడు ఆయన మనవడి చేతికిచ్చాను. వాడు ఊరికే లాగుతున్నాడు, ఆయన కదిలినా వదలడం లేదు. రెండు నిమిషాలకు చాచా కళ్ళు తెరిచి, "అరే, నేను వచ్చినంక గూడ గుంజుతవేందిరా!" అని కసిరారు. ఆ తర్వాత నేను విడిగా చెప్పాల్సిన పాఠం పెద్దగా మిగల్లేదు.

సంచిలో ఏముండాలి

గుర్రం తలకు తొడగడానికి ముడులతో అల్లిన తాడు హాల్టర్లు రెండు సైజులవి, 12 అడుగుల తాడొకటి, 22 అడుగులదొకటి, నాలుగడుగుల కర్రకు కట్టిన గుడ్డ, డెక్కలు గీకే కొక్కెం, థర్మామీటర్, హెల్మెట్, మడమ ఉన్న బూట్లు. టెటనస్ ఇంజెక్షన్ మీకు ఎప్పుడు పడిందో గుర్తుంచుకోండి. గుర్రాలున్న చోట ఆ ప్రమాదం ఎక్కువ. తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. మడతలు పెట్టి అరచేతిలో పట్టుకోవాలి. నా కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు, కారణం అదే.

ఒక ఊరి హాల్టర్‌ను కడగకుండా ఇంకో ఊరి గుర్రానికి వేయకండి. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. గుర్రాలకు గ్లాండర్స్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకూ అంటుతుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం మీద పుండ్లు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి తగ్గి పశువైద్యుడికి చెప్పించాలి. ఆ రోజు కూలీ పోయినా సరే.

ఫోన్‌లోనే సగం పని

వెళ్ళే ముందు అడగాల్సినవి: వయసెంత, ఆడదా మగదా, ఏం మేపుతున్నారు, దాణా ఎవరు పెడతారు, డెక్కలు చివరిసారి ఎప్పుడు కోశారు, పళ్ళు ఎవరైనా చూశారా, ఈ అల్లరి ఎప్పుడు మొదలైంది. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే ముఖ్యం. "కొత్త జీను వేసినప్పటి నుంచి" అంటే మీ పని చాలావరకు తేలిపోయినట్టే. దానికి పొగరు కాదు, నడుం నొప్పి. దవడ పళ్ళు అంచులు పదునెక్కి చెంపను కోస్తుంటే కళ్ళెం వేయగానే తల ఎగరేస్తుంది. నొప్పి ఉన్న గుర్రానికి పాఠం చెప్పకూడదు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని చెప్పి, డాక్టర్ చూశాకే మనం వెళ్ళాలి.

దిగగానే ఏమీ చేయకండి

బండి దిగగానే గుర్రం దగ్గరికి ఉరికేవాడు మాస్టర్ కాదు. చాయ్ ఇస్తారు, తాగండి. అరగంట దూరం నుంచి చూడండి. గుర్రం చెవులు ఎటు తిరుగుతున్నాయి, ఏ కాలు తేలికగా పెడుతోంది, గుర్రాన్ని చూసుకునే సైసు బకెట్ తేగానే ముందుకొస్తుందా, వెనక్కి జరుగుతుందా. తీరిగ్గా నిలబడ్డ పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16 సార్లు. టెంపరేచర్ 37.5 నుంచి 38.5 సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువుంటే ఎండో, జ్వరమో, భయమో తేల్చుకోవాలి.

దగ్గరికి పోయేటప్పుడు భుజం వైపు నుంచి పోవాలి. గుర్రం తన చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. కనపడనివి సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక. అధికారి ముందు, గాడిద వెనక నిలబడొద్దన్న మన సామెతలో రెండో సగం గుర్రానికీ వర్తిస్తుంది. మొదటి సగం మీ అనుభవాన్ని బట్టి.

మొదటి పాఠం: ఒక్క అడుగు వెనక్కి

గోడ ఉన్న ఖాళీ స్థలంలో ఒక మూల చాలు. కొందరు మాస్టర్లు వాడే 60 అడుగుల గుండ్రటి కంచె లేదే అని టెన్షన్ పడకండి. నిజం చెప్పాలంటే ఆ కంచెలో గుర్రాన్ని అలిసేదాకా తరిమి, అది దిక్కులేక దగ్గరికొస్తే "నమ్మింది" అనడం నాకు నచ్చదు.

గుర్రానికి ఎదురుగా కొంచెం పక్కన, చేయి చాపినంత దూరంలో నిలబడండి. తాడును గడ్డం కింద రెండు వేళ్ళతో పట్టుకుని ఛాతీ వైపు మెల్లగా ఒత్తండి, ఈగ వాలినంత బరువే. కదలదు. ఇంకాస్త పెంచండి. కదలదు. అలాగే మెల్లమెల్లగా పెంచుతూ ఉండండి గానీ జర్క్ ఇవ్వొద్దు, కోపం తెచ్చుకోవద్దు, మధ్యలో వదిలేయొద్దు. ఒక క్షణంలో గుర్రం బరువు వెనక కాళ్ళ మీదికి మారుతుంది. కాలు ఇంకా లేవలేదు, ఛాతీ కండ మాత్రం కదిలింది. సరిగ్గా అప్పుడే వేళ్ళు తెరిచేయాలి. ఆ తర్వాత మెడ నిమరొచ్చు, ఊరికే నిలబడొచ్చు. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి ఆగిన క్షణం వల్ల. రెండు సెకన్లు ఆలస్యమైతే అది ఇంకేదో నేర్చుకుంటుంది, తల ఎత్తడమో, పక్కకు తోయడమో.

వదలగానే కొన్ని గుర్రాలు పెదాలు నాకుతాయి, నములుతాయి. "చూశారా, అర్థమైంది దానికి" అని కొందరు మాస్టర్లు జనానికి చూపిస్తారు. టెన్షన్ దిగినప్పుడు కూడా గుర్రం అలాగే చేస్తుంది. పాఠం వచ్చిందో లేదో మళ్ళీ అడిగి చూస్తేనే తెలుస్తుంది. రెండోసారి సగం ఒత్తిడికే కదిలితే వచ్చినట్టు.

మీరు మూడుసార్లు చేసి చూపించండి. నాలుగోసారి తాడు యజమాని చేతిలో ఉండాలి. ఈ మాట నాకు దెబ్బ తగిలాక తెలిసింది. నకిరేకల్ దగ్గర ఒక ఆడగుర్రంతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే పని చేశాను. వదులు తాడుతో నా వెనక మేకపిల్లలా నడిచింది. ఊరి జనం చప్పట్లు కొట్టారు, నేను ఛాతీ విరుచుకుని బండెక్కాను. వారం తిరగకుండా ఫోన్. గుర్రం దాని యజమానిని ముప్పై అడుగులు ఈడ్చుకుపోయింది, మోకాలి చిప్ప పగిలింది. రోజంతా ఆయన చేత నేను ఒక్కసారి కూడా తాడు పట్టించలేదు. ఫీజు తిరిగిచ్చేశాను గానీ ఆ ఇంటికి మళ్ళీ పోవడానికి చాలా రోజులు ముఖం చెల్లలేదు.

డప్పు, డీజే, పటాకులు

మన దగ్గర ఎక్కువ పిలుపులు దీనికే. బరాత్‌లో బెదిరిన గుర్రం పెండ్లికొడుకుతో సహా జనం మీదికి పోతుంది. చాలామంది చేసే పని, గుర్రాన్ని గుంజకు కట్టేసి పక్కన డప్పు మోగించడం. అది అలవాటు పడదు. పారిపోలేక లోపల ముడుచుకుపోతుంది, ఏదో ఒకరోజు బయటపడుతుంది.

దీన్ని తిరగేయాలి. ఒక డప్పు ఆయనకు పూట కూలీ ఇచ్చి పిలిపించండి. నూరడుగుల దూరంలో, గుర్రానికి వీపు చూపించి, మెల్లగా కొడుతూ అవతలికి నడవమనండి. గుర్రాన్ని తాడుతో ఆయన వెనక నడిపించండి. తనను చూసి "పారిపోతున్న" చప్పుడు వెంట గుర్రం తానే పడుతుంది. చెవులు ముందుకొచ్చి, మెడ దిగి, దగ్గరికి పోవాలని చూసినప్పుడు డప్పు ఆగాలి. కొంచెం ఆగి మళ్ళీ. దగ్గరికి చేరాక డప్పు వాసన చూడనివ్వండి. చాలా గుర్రాలు మూతితో తోలును ఒకసారి తడతాయి. డప్పు ఆయన అది చూసి మనకంటే ఎక్కువ మురిసిపోతాడు. స్పీకర్లతో ఇదే వరుస, ఒక్కరోజులో మాత్రం కాదు. పటాకులు నేను చేయించను. ఎంత నేర్పినా అవి గుర్రం పక్కన కాల్చకూడదని పెండ్లివాళ్ళతో ముందే ఒప్పందం చేసుకొమ్మంటాను.

ముళ్ళ కళ్ళెం తీయించాలంటే

లోపల ముళ్ళున్న కళ్ళెం చూస్తే మీకు కోపం వస్తుంది. దాన్ని అణుచుకోండి. "పాపం రా, ఎట్ల వేశావ్" అన్నారంటే ఆ ఇంటి తలుపు మూసుకుపోతుంది. వాళ్ళ తాత అదే వాడాడు, అది లేకపోతే గుర్రం ఆగదని యజమాని భయం. ముందు తాడు హాల్టర్‌తో ఆపి చూపించండి, ఆయన చేతే ఆపించండి. ఆ తర్వాత చట్టం మాట ఎత్తండి. బరువు మోసే, బండి లాగే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ముళ్ళున్న కళ్ళెం వాడకూడదు. అవే నిబంధనల్లో ఇంకో సంగతి కూడా ఉంది: 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. మన ఎండాకాలానికి సరిగ్గా సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు తాడు చుట్టేస్తాను.

డబ్బులు, సీజన్

ముహూర్తాలున్న నెలల్లో పెండ్లి గుర్రాల వాళ్ళకు తీరిక ఉండదు. మూఢం పెట్టినా, ఆషాఢం వచ్చినా వాళ్ళకు పని ఉండదు, మనకు సీజన్. చేతిలో డబ్బు అప్పుడు వాళ్ళకు ఆడదు కాబట్టి, సగం అప్పుడు, సగం ముహూర్తాలు మొదలయ్యాక తీసుకోండి. గంటల లెక్క పెట్టుకోవద్దు. గంట చూసుకుంటూ పని చేస్తే గుర్రానికి తెలిసిపోతుంది. రోజుకింత, పెట్రోల్ వేరే అని ముందే మాట్లాడుకోవాలి. దారిలో రెండు మూడు ఇళ్ళు కలిసేలా చూసుకుంటే పెట్రోల్ అందరికీ పంచుకుపోతుంది. ఫాంహౌస్ ఆసామి దగ్గరా సైసు దగ్గరా ఒకే రేటు నేను తీసుకోను.

మూడు రాకలకు కలిపి ఒకే ఒప్పందం చేసుకోండి. మొదటిరోజు, పదో రోజు, నలభయ్యో రోజు. మధ్యలో యజమానిని రోజూ పావుగంట సాధన చేసి వాట్సాప్‌లో వీడియో పంపమనండి. వీడియోలో గుర్రాన్ని తర్వాత చూడొచ్చు, ముందు ఆయన వేళ్ళు చూడండి. వదలాల్సినప్పుడు తెరుచుకుంటున్నాయా లేదా.

మూడోసారి వెళ్ళినప్పుడు సంచిలోంచి తాడు తీయొద్దు. గోడ మీద కూర్చుని, చాయ్ గ్లాసు పట్టుకుని, ఆయన్నే గుర్రాన్ని తెమ్మనండి. మధ్యలో నోరు జారబోతే ఇంకో గుక్క తాగండి.