చిగుళ్ల రక్తం ఎలా ఆగింది: నా అనుభవం

గత సంక్రాంతికి హన్మకొండలోని మా ఇంట్లో సకినం కొరికినప్పుడు దాని అంచుకు ఎర్రటి చార అంటుకోవడం చూసి, నా మనుమరాలు “తాతా, రక్తం” అన్నది. అప్పటికే ఆరు నెలలుగా ఉమ్మిలో ఎరుపు కనిపిస్తున్నా, 68 ఏళ్ల వయసులో ఇది మామూలేనని సరిపెట్టుకొని, నొప్పికి భయపడి ఆ వైపు బ్రష్ పెట్టడమే మానేశాను. నేను చేసిన అసలు తప్పు అదే.

దంత వైద్యురాలు చిన్న అద్దంలో కింది ముందు పళ్ల వెనుక పేరుకున్న పసుపుపచ్చని గారను చూపించారు. పళ్ల మీది మెత్తని పాచి లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుందని, ఆ తర్వాత అది ఏ బ్రష్‌కూ ఊడిరాదని వివరించారు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని మా వాడకట్టులో గట్టి నమ్మకం; నిజానికి గార పోయిన చోట సందు బయటపడడం వల్ల అలా అనిపిస్తుంది, అంతే. రెండు విడతల్లో శుభ్రం చేయించుకున్నాను.

ఇప్పుడు రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, మెత్తని కుచ్చున్న బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి నెమ్మదిగా కదుపుతాను. రాత్రి పళ్ల సందుల్లో పట్టే చిన్న బ్రష్ కూడా వాడతాను. ఏళ్ల నాటి బొగ్గుపొడి అలవాటును వదిలేశాను. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల వాపు పెరుగుతుందని, ఆ వాపు వల్ల షుగర్‌ను అదుపు చేయడం మరింత కష్టమవుతుందని తెలిశాక మాత్రలు వేళకు వేసుకుంటున్నాను.

మూడు వారాలకు రక్తం ఆగింది. ఒక దవడ పన్ను మాత్రం ఇంకా కొద్దిగా కదులుతున్నందున ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను.