కంట్రోల్ చార్ట్ పాఠాలు – 4: సగటు కంటే ముందు రేంజ్

పోయిన పాఠంలో అరగంటకోసారి వరుసగా ఐదేసి ప్యాకెట్లు తూచి, 25 సబ్‌గ్రూపులు రాసుకోమన్నాం. సరుకు 500 గ్రాముల కారం, నింపేది ఆగర్ ఫిల్లర్ (స్క్రూ తిప్పి పొడి నింపే మెషీన్). ఇవాళ చార్టుకి లిమిట్లు, అంటే మెషీన్ కుదురుగా ఉంటే పాయింట్లు దాటకూడని హద్దు గీతలు, గీద్దాం.

ఒక సబ్‌గ్రూపు చూడండి: 501.5, 503.0, 499.0, 504.5, 502.0. సగటు 502.0. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే రేంజ్ 5.5. ఇలా 25కీ కట్టాక సగటుల సగటు 502.0, రేంజ్‌ల సగటు 5.2 వచ్చాయనుకుందాం.

ముందు రేంజ్ చార్ట్. సబ్‌గ్రూపులో ఐదుంటే కంట్రోల్ చార్ట్ గుణకాల పట్టికలో డీ4 విలువ 2.114. దాన్ని 5.2తో హెచ్చిస్తే 11.0, అదే పై లిమిట్. కింది లిమిట్ సున్నా. ఒక్క రేంజ్ 11 దాటినా సగటు చార్ట్ జోలికి వెళ్లకండి. దాని లిమిట్లు పుట్టేది ఈ 5.2 లోంచే. కారం చెమ్మకి గడ్డకట్టిందేమో, స్క్రూ వదులైందేమో చూడండి. కారణం దొరికి, దాన్ని సరిచేశాకే ఆ సబ్‌గ్రూపు కొట్టేసి మళ్లీ లెక్కకట్టాలి. కారణం తెలియకుండా కొట్టేస్తే అది చార్టుకి రంగు పూయడమే.

రేంజ్ కుదురుగా ఉందా? అదే పట్టికలోని ఏ2 విలువ 0.577ని 5.2తో హెచ్చించండి: 3.0. సగటుకి పై లిమిట్ 505.0, కింది లిమిట్ 499.0.

ఇవి సగటుకి గీసిన గీతలు, విడి ప్యాకెట్‌కి కావు. 5.2ని పట్టికలో ఐదుకి ఉన్న మరో విలువ 2.326తో భాగిస్తే సిగ్మా (విడి ప్యాకెట్ల ఊగిసలాటకి కొలత) 2.24. సగటుకి అటూ ఇటూ మూడు సిగ్మాలు, అంటే విడి ప్యాకెట్ 495.3 నుంచి 508.7 దాకా ఊగుతుంది. కాటా మీద 496 కనబడగానే ఆపరేటర్ సెట్టింగ్ పెంచితే, బాగున్న మెషీన్ని చేజేతులా చెదరగొట్టినట్టే.

రెండు హెడ్ల (నింపే మూతుల) మెషీనైతే ఇంకో చిక్కు. రెండింటి ప్యాకెట్లూ ఒకే సబ్‌గ్రూపులో కలిపితే హెడ్ల మధ్య తేడా రేంజ్‌లోకి దూరుతుంది. లిమిట్లు వెడల్పవుతాయి, పాయింట్లు మధ్యగీతని అంటిపెట్టుకుంటాయి. చూసినవాళ్లు మురిసిపోతారు కూడా! వరుసగా 15 పాయింట్లు మధ్యగీతకి ఒక సిగ్మా లోపలే ఉంటే (ఇక్కడ సగటుకి సిగ్మా 1 గ్రాము, పైన వచ్చిన 3.0లో మూడో వంతు) అనుమానించండి. హెడ్డుకో చార్ట్ పెట్టండి. 1924లో ఈ చార్ట్ రూపొందించిన వాల్టర్ షూహార్ట్ పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది: సబ్‌గ్రూపు లోపల మెషీన్ సహజమైన ఊగిసలాటే ఉండాలి, మిగతా తేడాలు సబ్‌గ్రూపుల మధ్య బయటపడాలి.

ఫిల్మ్ రోల్ మార్చినప్పుడల్లా ఖాళీ కవర్ తూచి టేర్ (మొత్తం బరువులోంచి తీసేసే కవర్ బరువు) సరిచేయండి. లేకపోతే మెషీన్ కదలకపోయినా చార్ట్ కదులుతుంది.

వచ్చే పాఠంలోపు ఈ ఏడు సగటులు గీయండి: 502.4, 501.9, 501.6, 501.1, 500.7, 500.2, 499.8. అన్నీ లిమిట్ల లోపలే, రేంజ్ కూడా నిలకడగానే ఉంది. అయినా మెషీన్ ఆపాలా? హాపర్‌లో (మెషీన్ పైతొట్టిలో) కారం పోసిన టైములు పక్కన పెట్టుకుని జవాబు రాయండి.