సప్లై చాప్టర్‌లో సప్లీ పడ్డవాడు చెబుతున్నాడు: డిగ్రీ ఎకనామిక్స్ ఎలా చదవాలంటే

నాకు డిగ్రీ ఫస్ట్ సెమిస్టర్‌లో ఎకనామిక్స్ పోయింది. సప్లై చాప్టర్ నుంచి వచ్చిన ప్రశ్నకు నాలుగు పేజీలు నింపి మరీ సప్లీ తెచ్చుకున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. గైడు మొత్తం నోటికి వచ్చేది, కానీ డిమాండ్ రేఖ ఎందుకు కిందికి వాలుతుందని ఎవరైనా అడిగితే నోరు పెగిలేది కాదు. సప్లీకి చదువుతున్న రోజుల్లోనే మా మామ ఉల్లిగడ్డల లోడుతో పాటు కర్నూలు మార్కెట్ యార్డుకు రెండు రోజులు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ వేలం చూసి వచ్చి పుస్తకం తెరిస్తే సగం చాప్టర్ తెలిసిన ముచ్చటలాగే అనిపించింది. అందుకే బీకామ్ అయినా బీబీఏ అయినా బీఏ అయినా నేను చెప్పేది ఒకటే, ముందు మన ఊరి బేరంలో పెట్టి అర్థం చేసుకోండి, ఆ తర్వాతే పుస్తకం మాటల్లోకి మార్చండి. నేను దీన్ని తిరగేసి చేసి దెబ్బతిన్నాను.

డిమాండ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఉల్లిగడ్డ కిలో 40 ఉంటే అమ్మ కిలో తెస్తుంది, 20కి దిగితే మూడు కిలోలు తెచ్చి వంటింట్లో ఆరబోస్తుంది. మారింది ధర ఒక్కటే కాబట్టి ఉన్న గీత మీదే ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు జరిగాం. అదే రంజాన్ నెల వచ్చి వన్ టౌన్ వైపు హలీం బట్టీలు వెలిగాయనుకోండి, ధర అదే 20 ఉన్నా కొనేవాళ్లు పెరుగుతారు, అప్పుడు గీతకు గీతే కుడివైపుకు జరుగుతుంది. మొదటిదాన్ని డిమాండ్ పరిమాణంలో మార్పు అంటారు, రెండోదాన్ని డిమాండ్‌లో మార్పు అంటారు. ఈ రెండూ కలిపేసి రాస్తే దిద్దేవాళ్లకు మన గుట్టు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. 'ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే' అని ప్రతి సూత్రం ముందూ తగిలించేది కూడా ఇందుకే, రంజాన్ లాంటివి పక్కన పెట్టి ధర ఒక్కదాని సంగతే మాట్లాడుకుందాం అని దాని అర్థం.

ఇంటర్లో ఎంపీసీ చదివి వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. లెక్కల్లో కారణం అడ్డగీత మీద, ఫలితం నిలువుగీత మీద పెడతాం కదా, ఇక్కడ ధర కారణమైనా నిలువుగీత మీదే ఉంటుంది. 1890లో తన పుస్తకంలో మార్షల్ అనే ఆర్థికవేత్త అలా గీశాడు, లోకమంతా అలాగే అలవాటు పడిపోయింది. ఎందుకని వాదించకుండా ధర పైకి, పరిమాణం పక్కకు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక వ్యాకోచత్వం, అంటే ఎలాస్టిసిటీ, ధర మారితే కొనడం ఎంత మారుతుందనే లెక్క. పేరు చూసి భయపడతారు గానీ, రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఇంతకంటే తెలిసిన చాప్టర్ లేదు. లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ఉల్లిగడ్డ కిలో 20 నుంచి 30 అయింది, అంటే 50 శాతం పెరిగింది. హోటలాయన రోజుకు 10 కిలోలు కొనేవాడు 9కి తగ్గించాడు, అంటే 10 శాతం తగ్గింది. 10ని 50తో భాగిస్తే 0.2 వచ్చింది. ఒకటి కంటే తక్కువ కాబట్టి ఇది అవ్యాకోచ డిమాండ్, ఉల్లిగడ్డ లేకుండా కూర కాదు కాబట్టి ధర ఎంత పెరిగినా పెద్దగా తగ్గించలేడు. ఇప్పుడు దీన్నే తిప్పి చూడండి. పోయిన ఏడు 50 క్వింటాళ్లు 2,000 చొప్పున అమ్మితే లక్ష వచ్చింది. ఈ ఏడు వానలు బాగా పడి 70 క్వింటాళ్లు పండింది, అందరికీ అలాగే పండింది, ధర 1,000కి పడిపోయింది, చేతికొచ్చింది 70 వేలు. చవకగా ఉంది కదా అని జనం రెండింతలు తినరు కాబట్టి సరుకు పోవాలంటే ధర అంతగా దిగాల్సిందే. పంట బాగా పండిన ఏడే పత్తికొండ దగ్గర టమాటా రోడ్డు పక్కన పారబోసి ఎందుకు పోతారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది పది మార్కుల జవాబుకు తీసుకెళ్లాల్సిన ఉదాహరణ, గైడులో దొరకదు.

భాష గురించి ఒక మాట. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయింది, ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు ఇక్కడే తడబడతారు. ఒక చిన్న నోట్‌బుక్‌లో రెండు వరుసలు పెట్టుకోండి. సమతౌల్యం (డిమాండ్, సప్లై గీతలు కలిసే చోటు) అంటే ఈక్విలిబ్రియం, ఉపాంతం అంటే మార్జినల్, స్థిర వ్యయం అంటే ఫిక్స్‌డ్ కాస్ట్, ఇలా అరవై డెబ్బై మాటలు చాలు. మార్జినల్ అన్నచోటల్లా 'ఇంకొక్కటి చేర్చితే ఎంత' అని చదువుకోండి. మొదటి మిరపకాయ బజ్జీకి 10 మార్కుల తృప్తి, రెండోదానికి 7, మూడోదానికి 3, నాలుగోదానికి సున్నా, ఐదోది తింటే కడుపుమంట కాబట్టి మైనస్ 2. మొత్తం తృప్తి 10, 17, 20, 20, 18. ఉపాంతం సున్నా అయినచోట మొత్తం గరిష్ఠం అనే వాక్యం ప్రతి గైడులో ఉంటుంది, ఈ ఐదు అంకెలు ఒకసారి వేసుకుంటే బట్టీ పట్టే పని లేదు.

బజ్జీ అన్నాం కాబట్టి ఖర్చుల చాప్టర్ కూడా ఉగ్గాని బండి దగ్గరే ముగించేయొచ్చు. ప్లేటు ఉగ్గాని బజ్జీ 40 రూపాయలు. బొరుగులు, నూనె, మిరపకాయలు, గ్యాసు కలిపి ప్లేటుకు 25 అవుతుంది, ఇది చర వ్యయం. స్థలం అద్దె, గిన్నెలు కడిగే మనిషి జీతం కలిపి నెలకు 9,000, ఒక్క ప్లేటు అమ్మకపోయినా కట్టాల్సిందే, ఇది స్థిర వ్యయం. ప్లేటుకు 15 మిగులుతుంది, 9,000ని 15తో భాగిస్తే 600 ప్లేట్లు, అంటే రోజుకు 20. లాభమూ నష్టమూ లేని ఆ చోటే బ్రేక్ ఈవెన్. రోజుకు 50 అమ్మితే నెలకు 1,500 ప్లేట్లు, 22,500లో 9,000 పోను 13,500 లాభం. బండాయన సంతోషంగానే ఉంటాడు. కానీ ఆయన ఇదే పని ఒక పెద్ద హోటల్లో చేస్తే 15,000 జీతం ఇస్తామన్నారనుకోండి, ఎకనామిక్స్ లెక్కలో ఆయన నెలకు 1,500 నష్టంలో ఉన్నాడు. వదులుకున్న ఆ 15,000 పేరే అవకాశ వ్యయం. అకౌంట్స్ పేపర్‌లో లాభం, ఎకనామిక్స్ పేపర్‌లో నష్టం, రెండూ కరెక్టే.

అకౌంట్స్‌లో డెబిట్, క్రెడిట్ దగ్గర బుర్ర తిరిగేది బ్యాంకు మెసేజ్ వల్ల. డబ్బు పడితే క్రెడిట్ అయిందని ఫోన్‌కు వస్తుంది, పుస్తకమేమో డబ్బు వస్తే డెబిట్ రాయమంటుంది. ఆ మెసేజ్ బ్యాంకు తన పుస్తకం చూసి పంపుతోంది. మన డబ్బు బ్యాంకుకు మనకు తీర్చాల్సిన అప్పు, అప్పు పెరిగితే క్రెడిట్. మన పుస్తకంలో అదే ఆస్తి, ఆస్తి పెరిగితే డెబిట్. ఇది తలకెక్కితే మన పుస్తకంలో నిల్వ, బ్యాంకు పుస్తకంలో నిల్వ ఎందుకు తేడా వచ్చాయో చూపే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక సగం వచ్చేసినట్టే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎకనామిక్స్ అంటే ఏమిటనే నిర్వచనాల ప్రశ్నకు ఆడం స్మిత్ 1776 సంపద, మార్షల్ శ్రేయస్సు, రాబిన్స్ 1932 కొరత. రాబిన్స్‌ది అర్థం కావాలంటే కేసీ కెనాల్ కింద ఒక్క తడి నీళ్లే వస్తాయన్నప్పుడు వరికి పెట్టాలా, ఇంకోదానికా అని తన్నుకులాడే రైతును తలుచుకోండి. రిజర్వ్ బ్యాంక్ 1935లో మొదలైంది, 1949లో జాతీయం చేశారు, అది బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ అయిన రెపో రేటు సంగతి పేపర్లో బిజినెస్ పేజీ చదివితే వస్తుంది. పాత పుస్తకాల షాపులో సగం ధరకు గైడు కొనేవాళ్లు మాత్రం జాగ్రత్త. ప్రైవేట్ కంపెనీలో సభ్యులు 50 మందికి మించకూడదని ఉంటే అది 2013 కంపెనీల చట్టానికి ముందు సరుకు, ఇప్పుడు 200.

పరీక్షలో మా పేపరు 75 మార్కులకు ఉండేది, ఐదు మార్కులవి ఐదు, పది మార్కులవి ఐదు, మూడు గంటలు. అంటే చిన్నదానికి 12 నిమిషాలు, పెద్దదానికి 24. నేను సప్లై ప్రశ్నకే ముప్పావుగంట తగలేసి చివరి రెండూ రాయలేదు, ఫెయిలయ్యింది అందుకే. సూత్రం అడిగితే వరుస ఎప్పుడూ ఒకటే: సూత్రం రెండు లైన్లు, షరతులు, పట్టిక, పటం, వివరణ, మినహాయింపులు. పటం పెన్సిల్‌తో అరపేజీ గీయండి, గీతలకు పేర్లు రాయండి, పేర్లు లేని గీతకు మార్కులు పడవు.

ముందు రోజు రాత్రి కొత్త చాప్టర్ తెరవొద్దు. తెల్లకాగితం మీద చూడకుండా డిమాండ్, డిమాండ్‌లో మార్పు, సప్లై, సమతౌల్యం, ఉపాంత ప్రయోజనం (బజ్జీ తృప్తి లెక్క), ఈ ఐదు పటాలు గీసి పుస్తకంతో పోల్చుకోండి. సప్లీ ముందు రోజు నేను అలాగే గీస్తే సమతౌల్యం దగ్గర ధర అడ్డంగా, పరిమాణం నిలువుగా పెట్టేశానని అప్పుడు తెలిసింది, చెరిపి మళ్లీ గీసుకుని పడుకున్నాను.