సాక్షుల వరస నుంచి మొదలుపెట్టండి

మా తాతగారి రేకుపెట్టెలో ముత్తాత పేరున ఒక క్రయ దస్తావేజు దొరికింది. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎంతకు అని అందరిలాగే పైనుంచి చదివాను. చుట్టరికాలు వెతికేవారికి కావలసిన అసలు సరుకంతా చివర, "ఇందుకు సాక్షులు" అన్న మాట కింద ఉందని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ముందు కాలం తేల్చుకోండి. నా కాగితంలో ఇంగ్లీషు తేదీని చెదలు తినేశాయి, "ప్రభవ నామ సంవత్సర" అన్నది మాత్రం మిగిలింది. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1867, 1927, 1987. స్టాంపు కాగితం మీద అయిదో జార్జి బొమ్మ ఉంది కాబట్టి 1927. తెలంగాణ కాగితాల్లో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఒక ఏడాది తేడా రావచ్చు.

ఇక సాక్షులు. ప్రతివారి ఇంటిపేరు, ఊరు, వ్రాలు (సంతకం) చేశారా, నిశానీ (వేలిముద్ర లేదా గుర్తు) వేశారా అన్నది విడిగా రాసుకోండి. కరణంగారిని, దస్తూరి రాసినాయనను, అంటే కాగితం రాసిపెట్టిన లేఖరిని, పక్కన పెట్టండి. ఊళ్లో సగం దస్తావేజుల్లో వాళ్లే ఉంటారు, చుట్టరికం తేలదు. పొరుగూరి మనిషిని మాత్రం వదలకండి. సాక్షి సంతకం కోసం బండి కట్టుకుని వచ్చినవాడు ఊరికే రాడు. నా కాగితంలో అలాంటి ఒకాయన ఉన్నారు. ఆ ఇంటిపేరు మా వాళ్లెవరూ విననే లేదు. వెనకవైపు, సబ్ రిజిస్ట్రారు ఎదుట దస్తావేజు రాసిచ్చినవారిని గుర్తుపట్టి నిరూపించినవారిలోనూ ఆయనే.

ఆయన పేరుతో రిజిస్ట్రారు కార్యాలయంలో వెతికి లాభం లేదు. సూచికలో రాసిచ్చినవారు, రాయించుకున్నవారు ఉంటారు తప్ప సాక్షులు ఉండరు. మీ ఇంటిపేరుతోనే వెతకండి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నకలును 1908 రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం రుసుము కట్టి ఎవరైనా అడగవచ్చు. దస్తావేజు నంబరు, సంవత్సరం చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది.

అలా ముత్తాత పోయాక జరిగిన పారిఖత్తు, అంటే ఆస్తి పంపకం కాగితం, దొరికింది. మైనరైన మా తాతగారికి గార్డియనుగా తాతమ్మ నిశానీ వేసింది. కింద సాక్షి మళ్లీ ఆయనే, ఈసారి "మైనరుకు మేనమామ" అని కూడా రాశారు. తాతమ్మ పుట్టింటి ఇంటిపేరు మా ఇంట్లో తెలిసింది ఆ రోజునే.

హద్దులు కూడా చూడండి. తూర్పు, పడమర రెండు చేలూ మీ ఇంటిపేరు వారివే అయితే అంతకుముందే ఒక పంపకం జరిగి ఉండవచ్చు.

ఒక్క జాగ్రత్త. పాత నకలులో కనిపించే అక్షరాలు పుస్తకంలోకి ఎక్కించిన గుమాస్తావి, సాక్షివి కావు. చేతిరాత పోల్చాలంటే అసలు కాగితమే కావాలి. మా పారిఖత్తు అసలు చిన్న తాతగారి వాళ్లింట్లో ఉందట. సంక్రాంతికి వెళ్లినప్పుడు అడగాలి.